కాగితం కొంగలు, కొంగ జపాలు, అఫ్జల్‌గంజ్ చింతచెట్టు

మన భాష కొంగకి చాలా అన్యాయం చేసింది. పాపం అది ఒంటికాలి మీద నిలబడి తన తిండి కోసం తను చూసుకుంటుంటే దాన్ని కొంగ జపం అన్నాం. పంచతంత్రంలో చేపల్ని ఇంకో చెరువుకి చేరుస్తానని నమ్మించి దారిలో తినేసేదీ కొంగే, చివరికి ఎండ్రకాయ చేతిలో చచ్చేదీ కొంగే. ఏ రాజకీయ నాయకుడైనా ఉపవాస దీక్షకి కూర్చుంటే మర్నాడు ఎదుటి పార్టీ వాడు వాడే మొదటి మాట అదే. అందుకే జపాన్లో ఒకావిడ నా చేతిలో కాగితం కొంగని పెట్టి వంగి దండం పెడితే, దాన్ని ఎలా తీసుకోవాలో కాసేపు నాకు అర్థం కాలేదు.

అది 2007. ఆన్‌సైట్ పేరు చెప్పి మా కంపెనీ నన్ను మూడు నెలలు టోక్యోలో పడేసింది. ఒక లాంగ్ వీకెండ్ దొరికితే హిరోషిమా చూద్దామని బుల్లెట్ రైలెక్కాను. నగోయా స్టేషన్లో ఒక పెద్దావిడ ఎక్కి నా పక్క సీట్లో కూర్చుంది. ఆవిడ బ్యాగు పైన పెట్టడానికి సాయం చేశాను, అంతే. ఆవిడకి ఇంగ్లీషు రాదు, నాకు జపనీస్ అంటే థాంక్యూ, సారీ దాకానే. నా దగ్గరున్న పల్లీ పట్టీ ఒకటి ఇచ్చాను. ఆవిడ ఒక చాక్లెట్ ఇచ్చి, తను తిన్న చాక్లెట్ కాగితాన్ని మోకాలి మీద పెట్టి సాపు చేసి మడవటం మొదలుపెట్టింది. రెండు నిమిషాలు పట్టిందేమో. ఒకయామాలో దిగేముందు ఆ కొంగని నా అరచేతిలో పెట్టి వెళ్ళిపోయింది. బొటనవేలి గోరంత పక్షి. రైలు కదిలాక కూడా దాన్ని చూస్తూనే కూర్చున్నాను.

జపాను వాళ్ళు దాన్ని ఒరిజురు అంటారు. 'ఒరి' అంటే మడవటం, 'త్సురు' అంటే ఆ పక్షి. మనం చెరువుల్లో చూసే తెల్లకొంగ కాదది, తల మీద ఎర్రమచ్చ ఉండే పెద్ద జాతి పక్షి. మన దేశంలో దాని చుట్టం సారసం. వాల్మీకి చూసిన క్రౌంచం సారసమేనని చాలామంది అంటారు. అంటే జంటలో ఒకదాన్ని వేటగాడు కొడితే రెండోది ఏడ్చిన ఏడుపులోంచి మన ఆదికావ్యం పుట్టింది. అలాంటి పక్షికి బంధువు పేరుని తీసుకెళ్ళి దొంగ భక్తికి అంటగట్టాం, చూశారా! వాళ్ళ సామెతలో ఈ పక్షి ఆయుష్షు వెయ్యేళ్ళు, తాబేలుది పదివేల ఏళ్ళు. అందుకే వెయ్యి కొంగలు మడిచి దండ గుచ్చితే కోరిక తీరుతుందన్న నమ్మకం. ఆ దండ పేరు సెన్‌బజురు. 1797లో క్యోటోలో అచ్చయిన ఒక పుస్తకం కూడా ఉంది, ఒకే కాగితంలోంచి అక్కడక్కడా కత్తిరించి ఒకదానికొకటి ముక్కులు, రెక్కలు అంటుకుని ఉండే కొంగల్ని ఎలా చెయ్యాలో 49 రకాలు బొమ్మలతో చెప్తుంది. సరదా కోసం కాగితం మడవటం మీద ఇప్పటికి దొరికిన పుస్తకాల్లో అదే పాతదని చెప్తారు.

ఇంతవరకూ అది పెళ్ళిళ్ళకీ పండగలకీ పనికొచ్చే శుభసూచకం, అంతే. శాంతికీ దానికీ సంబంధం లేదు. ఆ సంబంధం ఒక ఆసుపత్రిలో కలిసింది.

సదాకో ససాకి 1943 జనవరిలో పుట్టింది. 1945 ఆగస్టు 6న హిరోషిమా మీద బాంబు పడ్డప్పుడు రెండేళ్ళ పిల్ల. ఒంటి మీద దెబ్బ లేకుండా బయటపడింది. బళ్ళో పరుగుపందెంలో గట్టి పిల్లట. 1955 ఫిబ్రవరిలో లుకేమియా అని రెడ్‌క్రాస్ ఆసుపత్రిలో చేర్చారు. ఆ ఆగస్టులో ఆ ఆసుపత్రి రోగులకి నగోయాలోని విద్యార్థులు కాగితం కొంగలు మడిచి పంపించారు. ఆ పిల్ల మడవటం మొదలుపెట్టింది అవి చూశాకే. కాగితం కొనుక్కునే రోజులు కావవి. మందుల పొట్లాల కాగితాలు, పక్క వార్డులో వాళ్ళకొచ్చిన బహుమతుల మీది కాగితాలు అడిగి తెచ్చుకునేది. మరీ చిన్నవైతే సూది మొనతో మడిచేది. అక్టోబర్ 25న చనిపోయింది. పన్నెండేళ్ళు.

ఇదంతా నేను మ్యూజియంలో చదివినప్పుడు నా పర్సులో నగోయా కొంగ ఉంది.

ఇక్కడ చిన్న పిడకల వేట. మనలో చాలామందికి తెలిసిన కథలో సదాకో 644 కొంగలు మడిచాక చనిపోతుంది, మిగతావి స్నేహితులు పూర్తిచేసి ఆమెతో పాటు పెడతారు. అది ఎలినార్ కోయర్ అనే రచయిత్రి 1977లో పిల్లల కోసం రాసిన పుస్తకంలోది. మ్యూజియం వాళ్ళూ, ఆమె కుటుంబమూ చెప్పేది వేరు: ఆగస్టు చివరికే వెయ్యి దాటింది, ఆ తర్వాతా మడుస్తూనే ఉంది. నాకైతే నిజం కథే ఎక్కువ గట్టిగా తగుల్తుంది. వెయ్యి పూర్తయ్యాయి, కోరిక తీరలేదు, అయినా ఆ పిల్ల ఆపలేదు. లెక్క పూర్తికాక చనిపోయిందంటే ఏడవటం తేలిక, లెక్క పూర్తయినా చనిపోయిందంటే ఏమనాలో తెలీదు. అందుకే కాబోలు ప్రపంచం మొదటిదాన్నే ఎంచుకుంది.

ఆమె క్లాసు పిల్లలు చందాల కోసం తిరిగారు. జపాన్లో 3100కి పైగా బళ్ళనించీ, ఇంకో తొమ్మిది దేశాల నించీ డబ్బులొచ్చాయి. 1958 మే 5న, అక్కడి పిల్లల పండగ రోజున, స్మారకం ఆవిష్కరించారు. పైన ఒక అమ్మాయి చేతులెత్తి కొంగని పట్టుకుని ఉంటుంది. కింద వేలాడే గంటని ఇచ్చింది హిదెకి యుకావా, నోబెల్ వచ్చిన భౌతిక శాస్త్రవేత్త. పరమాణు కేంద్రకంలో ఏ బలం ఉందో లెక్కగట్టిన మనిషి, అది పగిలితే ఏమైందో చూశాక గంట చేయించి ఇచ్చాడు. నాకు విగ్రహం కన్నా ఆ గంట ముందే ఎక్కువసేపు పట్టింది.

ఇప్పుడు అక్కడికి ఏటా కోటి దాకా కొంగలు వస్తాయి, తూకమేస్తే పది టన్నులు. మరి అంత కాగితాన్ని ఏం చెయ్యాలన్నది ఆ ఊరి మునిసిపాలిటీకి నిజమైన సమస్య. 2003లో ఒక కాలేజీ కుర్రాడు లక్షా నలభై వేల కొంగలకి నిప్పు పెట్టాడు. దేశం మొత్తం ముక్కున వేలేసుకుంది. ఆ తర్వాత వేరే ఊళ్ళనించి పిల్లలు కొత్తవి మడిచి పంపారు. ఇప్పుడు పాతవాటిని మళ్ళీ కాగితంగా మార్చి పోస్టుకార్డుల్లాంటివి చేస్తున్నారు.

మరి ఇదంతా కొంగ జపం కాదా? ఈ ప్రశ్న నన్ను చాలా ఏళ్ళు వదల్లేదు. 2016 మే 27న ఒబామా హిరోషిమా వెళ్ళాడు, పదవిలో ఉండగా వెళ్ళిన మొదటి అమెరికా అధ్యక్షుడు. తను స్వయంగా మడిచినవని నాలుగు కాగితం కొంగలు పట్టుకెళ్ళి రెండు బడి పిల్లలకిచ్చి, రెండు మ్యూజియంలో సంతకాల పుస్తకం పక్కన పెట్టాడు. క్షమాపణ మాత్రం చెప్పలేదు. అణ్వాయుధాల ఆదేశాల పెట్టె మోసే అధికారి కూడా వెంటే ఉన్నాడని అప్పట్లో పత్రికలు రాశాయి. పంచతంత్రం రాసినవాడు చూస్తే ఎంత ముచ్చటపడేవాడో! కానీ ఇంకో సంగతి కూడా ఉంది. సదాకో అన్న మసాహిరో, చెల్లెలు మడిచిన వాటిలో మిగిలిన కాసిని కొంగల్ని ఒక్కొక్కటే పంచిపెట్టాడు. ఒకటి న్యూయార్క్‌లో సెప్టెంబర్ 11 స్మారకానికి, ఇంకోటి పెర్ల్ హార్బర్‌కి. బాంబు వెయ్యమని ఆదేశించిన ట్రూమన్ మనవడి చేతిలో కూడా ఒకటి పెట్టాడు. ఆ మనవడు 2012లో హిరోషిమా వచ్చి బాధితుల మధ్య కూర్చున్నాడు. పోయిన పిల్ల జ్ఞాపకం ఇంట్లో ఉంచుకోవాలని ఎవరికి ఉండదు? ఆయన దాన్ని ఎవరికి ఇచ్చాడో చూడండి.

నాకు తోచింది ఇది. ఒకే మడత, ఒకే కాగితం. అది జపమా, నిజమా అన్నది మడతలో ఉండదు, ఇచ్చేవాడు దాని వల్ల ఏమన్నా వదులుకున్నాడా, దాని తర్వాత ఏమన్నా చేశాడా అన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఆ ప్రయాణం తర్వాత నేనూ నేర్చుకున్నాను (యూట్యూబ్ చూసి, పది కాగితాలు పాడుచేసి). ఊరెళ్తే హోటల్ గదిలో దుప్పట్లు మార్చేవాళ్ళకి టిప్పుతో పాటు ఒకటి పెట్టడం, బస్సులో ఏడ్చే పిల్లాడికి టిక్కెట్టుతో ఒకటి చేసివ్వడం అలవాటైంది. ఆర్టీసీ టిక్కెట్టు చతురస్రం కాదు కాబట్టి ముందు ఏటవాలుగా మడిచి మిగిలిన ముక్క చింపెయ్యాలి. చెకింగ్ వాళ్ళొస్తే కొంగని విప్పి చూపించాల్సి వస్తుంది, అదొక్కటే ఇబ్బంది :)

అన్నట్టు, కాగితం మడతలో మనవాళ్ళేం తక్కువ తినలేదు. 1893లో మద్రాసులో టి. సుందరరావు అనే ఆయన కాగితం మడిచి రేఖాగణితం చెయ్యడం ఎలాగో ఒక పుస్తకం అచ్చేశాడు. చిన్నపిల్లల బళ్ళల్లో నేర్పే కాగితపు మడతలు చూసి ఆయనకి ఆ ఆలోచన వచ్చింది. జర్మనీలో ఫెలిక్స్ క్లయిన్ అంతటివాడు దాన్ని ప్రస్తావించాక 1901లో అమెరికాలో మళ్ళీ వేశారు.

హిరోషిమాలో ఆ స్మారకం ముందు నిలబడ్డప్పుడు నాకు గుర్తొచ్చింది మాత్రం లెక్కలు కాదు, అఫ్జల్‌గంజ్. 2001లో డాట్‌కామ్ బుడగ పేలి ఉద్యోగాలు లేనప్పుడు నేనూ నా రూమ్మేటూ రోజూ అఫ్జల్‌గంజ్ స్టాపులో దిగి స్టేట్ సెంట్రల్ లైబ్రరీలో కూర్చునేవాళ్ళం. 1891లో అసఫియా పేరుతో మొదలై, 1936లో మూసీ ఒడ్డున ఈ భవనంలోకొచ్చిన లైబ్రరీ అది. చల్లగా ఉంటుంది, ఫ్యాను ఉంటుంది, ఎవరూ లేవమనరు. నిరుద్యోగికి ఇంకేం కావాలి? మధ్యాహ్నం టీ తాగి దగ్గర్లోని ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోకి వెళ్ళేవాళ్ళం. అక్కడొక ముసలి చింతచెట్టు. దాని కింద రోగుల తాలూకు మనుషులు ఓపీ చీటీలు చేతిలో నలుపుకుంటూ కూర్చుని ఉండేవాళ్ళు. ఒకరోజు ఒక తాత చెప్పాడు, "గీ చెట్టు నూటయాభై మందిని కాపాడింది బిడ్డా" అని. కబుర్లు చెప్తున్నాడనుకున్నాను. లైబ్రరీకి వెళ్ళి వెతికితే నిజమే.

1908 సెప్టెంబర్ 28, సోమవారం. అంతకు ముందు ఒకటిన్నర రోజుల్లో 17 అంగుళాల వాన. ఎగువన 200కి పైగా చెరువులు ఒకదాని తర్వాత ఒకటి తెగి మూసీలో పడ్డాయి. అఫ్జల్ వంతెన, ముసల్లంజంగ్ వంతెన, చాదర్‌ఘాట్ వంతెన పోయాయి, పురానాపూల్ ఒక్కటే నిలిచింది. అయిదో నిజాం అఫ్జలుద్దౌలా పేరుమీద వెలసిన ఈ గంజ్, 1866 నాటి అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి, అన్నీ నీళ్ళపాలు. పోయినవాళ్ళు 15 వేలమంది అని ఎక్కువగా చెప్తారు, ఇళ్ళు పోయినవాళ్ళు 80 వేలు. అంజద్ హైదరాబాదీ అనే ఉర్దూ కవి కళ్ళముందే తల్లీ, భార్యా, కూతురూ కొట్టుకుపోయారు, ఆయనొక్కడే మిగిలాడు. ఆ రోజు మీద ఆయన రాసిన కవిత పేరు 'ఖయామతె సొగ్రా', చిన్న ప్రళయం అని. ఒక కుటుంబానికి అది చిన్నదెలా అవుతుందో నాకు అర్థం కాదు. ఆ గందరగోళంలో అప్పటి అఫ్జల్ పార్కులోని ఈ చింతచెట్టు కొమ్మలు పట్టుకుని 150 మంది బతికారు. ఆ నేల మీదే 1925 నాటికి ఉస్మానియా ఆసుపత్రి లేచింది. చెట్టు అలాగే ఉంది.

ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా నది శాంతించాలని ఒడ్డుకెళ్ళి పళ్ళెంలో చీర, పసుపుకుంకుమలు, బంగారం పెట్టి మూసీకి సమర్పించాడని హైదరాబాదులో ఇప్పటికీ చెప్పుకుంటారు. ముస్లిం పాలకుడు నది ముందు హిందూ పద్ధతిలో వంగడం నాకు ఎప్పుడూ నచ్చే కథ. అయితే ఆయన అక్కడితో ఆగితే దాన్ని కొంగ జపం అనేవాణ్ణి. మర్నాటినించీ తన కోటల తలుపులు తెరిపించి అన్నం పెట్టించాడు. 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యని పిలిపించారు. ఆయన చెప్పినదాన్ని బట్టే 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ తయారయ్యాయి. ఆ పళ్ళెం వెనకాల రెండు ఆనకట్టలు ఉన్నాయి. మనమేం చేశామంటారా? ఆ రెండింటి పరీవాహక ప్రాంతాన్ని కాపాడటానికి 1996లో తెచ్చిన 111 జీవోని 2022లో 69 జీవోతో సడలించుకున్నాం. అటు ప్రతి సెప్టెంబర్ 28నా కొంతమంది నగరప్రేమికులు చింతచెట్టు కింద చేరి పోయినవాళ్ళని తలుచుకుంటారు. పేపర్లో లోపలి పేజీలో చిన్న ఫొటో వస్తుంది.

2025 సెప్టెంబర్ 26 రాత్రి ఆ రెండు జలాశయాల గేట్లెత్తితే మూసీ పొంగి మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకి వచ్చేసింది. దసరాకి ఊళ్ళకెళ్ళేవాళ్ళతో నిండి ఉన్న రోజు. తాళ్ళు పట్టుకుని జనాన్ని బయటికి తెచ్చారు. వాళ్ళలో మా పిన్ని కొడుకు కూడా ఉన్నాడు. అన్నట్టు ఆ బస్‌స్టేషన్‌ని పాతవాళ్ళు ఇమ్లీబన్ అంటారు, అంటే చింతతోపు. నది మధ్య లంకలాంటి చోట 1994లో కట్టారు. చింతచెట్లుండాల్సిన చోట ప్లాట్‌ఫారాలున్నాయి. మావాడు రాత్రి రెండింటికి తడిసి ముద్దై ఇంటికొచ్చి, "అన్నా, నన్ను చెయ్యిపట్టి లాగినాయన మొహం కూడా చూళ్ళేదు, థాంక్స్ చెప్పలేదు" అన్నాడు. అదొక్కటే మూడుసార్లు అన్నాడు.

తర్వాతి ఆదివారం మా అమ్మాయీ నేనూ మావాడూ కలిసి ఇంట్లో మడిచిన నలభై కొంగలు ఒక సంచిలో వేసుకుని 'చెట్టుకి థాంక్స్ చెప్దాం' అని బయల్దేరాం. బస్సులోనే మా అమ్మాయి అడిగింది, "నాన్నా, కాగితం చెయ్యాలంటే చెట్టునే కదా కొట్టాలి? మరి దానికి అదే ఇస్తే ఏం బావుంటుంది?" అని. తొమ్మిదేళ్ళ పిల్లకి జవాబు చెప్పడం ప్రొడక్షన్ సర్వర్ పడిపోయినప్పుడు క్లయింటుకి చెప్పడం కన్నా కష్టం. పాత కరెంటు బిల్లులతో చేశాం కదమ్మా అని తప్పించుకున్నాను.

గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన ఆపాడు. "ఏం గావాలె సార్? పేషెంటున్నడా?" లేడు, చెట్టు చూడ్డానికొచ్చాం అన్నాను. సంచి విప్పమన్నాడు. కొంగల్ని చూసి, "ఇయ్యన్నీ చెట్టుకు గడితే వానకు రాల్తయి, ఊడ్వాల్సింది మావోళ్ళే" అన్నాడు. న్యాయమే. హిరోషిమా మునిసిపాలిటీకి పట్టిన పదిటన్నుల తలనొప్పి ఈయనకి నలభై కొంగలకే అర్థమైపోయింది.

ఇక కట్టలేదు. చెట్టు కింద అరుగు మీద కూర్చున్నాం. వికారాబాద్ నించి వచ్చినావిడ ఒకరు, మనవడి కాలుకి ఆపరేషనట, మా అమ్మాయిని పిలిచింది. "గిదేంది బిడ్డా, కొంగనా? మా పిలగానికి ఒకటియ్యవా?" ఇచ్చింది. పక్కన కూర్చున్న ఇంకొకామె చెయ్యి చాపింది. అలా పావుగంటలో సంచి ఖాళీ. మావాడు ఒకటి తీసుకెళ్ళి సెక్యూరిటీ ఆయన కుర్చీ మీద పెట్టొచ్చాడు. లేచి వచ్చేస్తుంటే ఒక పిల్లాడు వెనకాల పరిగెత్తుకుంటూ వచ్చి, మా అక్కకి కూడా కావాలి అన్నాడు. జేబులు వెతికితే పొద్దున్న అఫ్జల్‌గంజ్ దాకా కొన్న బస్సు టిక్కెట్లు దొరికాయి. మా అమ్మాయి అక్కడే మెట్టు మీద కూర్చుని ఏటవాలుగా మడిచి, మిగిలిన ముక్క చింపి నా చేతికిచ్చింది.